చైనావోడి మనవరాలు

మా బాబాయి నాతో మూడు నెలల పైన మాట్లాడలేదు. మే 9 పొద్దున మొదలైన అలక వినాయక చవితి దాకా సాగింది. పిన్ని ఫోన్ చేసినప్పుడల్లా వెనకాల టీవీ మోత, ఆ మోతలో బాబాయి దగ్గు వినపడేవి. "ఏవండీ, అమ్మాయి లైన్లో ఉంది, మాట్లాడతారా?" అని పిన్ని అడిగేది. జవాబు వచ్చేది కాదు. నాకు సైకిల్ తొక్కడం నేర్పిన మనిషాయన. సెలవు మీద వచ్చినప్పుడల్లా తన పేరూ నంబరూ రాసున్న ఆకుపచ్చ ట్రంకుపెట్టెని ముందు నా చేతే తెరిపించేవారు.

ఇంతకీ నేను చేసిందల్లా మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో నాలుగు వాక్యాలు రాయడం.

ఆ రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. 2025 ఏప్రిల్ 22న పహల్గాం దగ్గర బైసరన్ మైదానంలో 26 మందిని కాల్చి చంపారు. వాళ్ళలో విశాఖపట్నం ఆయన ఒకరు, కావలి ఆయన ఒకరు. మే 7 తెల్లవారుజామున ఆపరేషన్ సిందూర్ మొదలైంది. 8వ తేదీ రాత్రికల్లా టీవీల్లో కరాచీ రేవు తగలబడిపోతోంది. అమలాపురం నుంచి డల్లాస్ దాకా ఉన్న మా వాళ్ళందరూ ఆ వీడియోలే పంపుకుంటున్నారు. మా వీధి చివర ఎవరో టపాకాయలు కూడా కాల్చారు. నాకు నిద్ర పట్టక లేచి రాశాను: "కరాచీ రేవు మీద దాడి చేశామని మన ప్రభుత్వం ఎక్కడా చెప్పలేదు, దయచేసి ఆ వీడియోలు పంపకండి. మన సైనికులందరూ క్షేమంగా తిరిగి రావాలి. అంతమంది యాత్రికులు తిరిగే మైదానంలో ఆ రోజు కాపలా ఎందుకు లేదో మనం అడగాలి. చనిపోయినవాళ్ళ కుటుంబాలకి ఆ జవాబు చెప్పాల్సిన బాధ్యత ఎవరో ఒకరికి ఉంది."

ఐదు నిమిషాల్లో మొదలైంది. "ఇప్పుడా అడిగేది?" అన్నారొకరు. "ముందు వందేమాతరం అను, తర్వాత మాట్లాడు" అన్నాడు నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు, నేను ఎత్తుకు తిప్పిన పిల్లాడు. పాకిస్తాన్ వెళ్ళిపొమ్మన్నవాళ్ళు ఇద్దరు. వాటన్నిటినీ దిగమింగాను. కానీ మా పెద్దవాళ్ళలో ఒకరు, నాకు అక్షరాభ్యాసం నాడు పలక కొనిచ్చినాయన, ఇలా రాశారు: "ఎంతైనా చైనావోడి మనవరాలు గదా."

ఆ మాట విని అరవై ఏళ్ళు దాటింది మా ఇంట్లో. చచ్చిపోయిందనుకున్నాం.

మర్నాడు పొద్దున్నే ఆరింటికి బాబాయి ఫోన్ చేశారు. ఆయనది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. అందరూ మిలిటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ తరం తర్వాత తరం సైన్యానికి మనుషుల్ని ఇస్తున్న ఊరు. బాబాయి సుబేదారుగా రిటైరయ్యారు. ఆయన అరవరు, ఎప్పుడూ.

"అమ్మాయ్, నువ్వు అడిగింది తప్పని నేననను. ఇప్పుడు అడగడం తప్పు. అక్కడ కుర్రాడు కాపలాలో ఉన్నాడు. వాడి చేతిలోనూ ఫోనుంటది. ఇంటి దగ్గర జనం ఏమనుకుంటున్నారో చూస్తాడు. మనల్ని పంపినోళ్ళనే మనోళ్ళు నమ్మట్లేదని తెలిస్తే, వాడి కాళ్ళలో సత్తువ ఉంటదా?"

"బాబాయ్, ఆ కుర్రాణ్ణి నేనేమీ అనలేదు గదండీ."

"మద్రాసులో కూడా మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదమ్మా. అసలు రాలేదు." అని ఫోన్ పెట్టేశారు.

మద్రాసు అంటే 1990 మార్చి. దాని గురించి ఆయన నోరు విప్పింది నాకు తెలిసి రెండు మూడు సార్లే. 1987 జూలైలో శ్రీలంకతో ఒప్పందం జరిగాక మన సైన్యాన్ని అక్కడికి శాంతి కాపాడమని పంపారు. అక్టోబరుకల్లా, ఏ తమిళుల్ని కాపాడటానికి వెళ్ళిందో ఆ తమిళుల పక్షాన పోరాడుతున్నామనే ఎల్.టి.టి.ఇ.తోనే యుద్ధం చెయ్యాల్సి వచ్చింది. రెండున్నరేళ్ళలో దాదాపు 1,200 మంది మన సైనికులు చనిపోయారు. తమిళనాడులో జనానికి ఆ యుద్ధం మీద కోపం. తిరిగొచ్చిన సైన్యానికి స్వాగతం చెప్పడానికి అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్ళలేదు. "బ్యాండు వాయించారు, ఆఫీసర్లు సెల్యూట్ కొట్టారు. ఊరు మాత్రం రాలేదు," అంటారు బాబాయి. తన పక్కన పడుకున్న ఇద్దర్ని జాఫ్నాలో పోగొట్టుకుని, ఓడ దిగి, ఏదో తప్పు చేసినవాడిలా తలొంచుకుని రైలెక్కానన్నారు.

ఈ మాటకి నా దగ్గర చటుక్కున చెప్పే జవాబు లేదు, ఉండకూడదు కూడా. యుద్ధాన్ని వ్యతిరేకించేవాళ్ళం ముందు ఈ ఓడ దిగిన మనిషి ముఖంలోకి చూడాలి. ఆ కోపం న్యాయమైనదే కావచ్చు, కానీ అది ఢిల్లీలో సంతకాలు పెట్టినవాళ్ళ మీద పడాల్సింది. నెలజీతానికి తుపాకీ పట్టుకెళ్ళినవాడి నెత్తిన పడింది. అది నిరసన కాదు, అన్యాయం. ఇంతవరకూ బాబాయి మాట నేను కాదనను.

అయితే ఆ పన్నెండు వందల మందినీ చంపింది ఇంటి దగ్గర జనం వేసిన ప్రశ్నలా? 1987 అక్టోబరు 12 తెల్లవారకముందు జాఫ్నా విశ్వవిద్యాలయం మైదానంలోకి హెలికాప్టర్లలో సైనికుల్ని దింపారు. ఆ సంగతి అవతలివాళ్ళకి ముందే తెలిసిపోయింది. సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీకి చెందిన 30 మంది దిగితే 29 మంది అక్కడే ప్రాణాలు పోగొట్టుకున్నారు. మా చేతిలో సరైన మ్యాపుల్లేవని బాబాయే చెప్పారు నాకు. మ్యాపు లేకుండా, ఎదుటివాడి బలం తెలీకుండా మనిషిని పంపినవాణ్ణి ఆ అక్టోబరులోనే గట్టిగా నిలదీసే నోళ్ళు ఇంకా నాలుగుంటే, ఆ 1,200 సంఖ్య ఇంతకన్నా చిన్నదై ఉండేదేమో. సైనికుడి కాళ్ళలో సత్తువ తీసేది మ్యాపు లేకపోవడం, బూటు చిరిగి ఉండటం, ఎందుకు వచ్చామో పైవాడికే తెలీకపోవడం. నేను రాసిన నాలుగు వాక్యాలకి అంత బలం ఉందని నేననుకోను.

"యుద్ధం జరుగుతుంటే నోరు మూసుకోవాలి" అన్న సూత్రం మన డెల్టాలో ఎప్పుడు పుట్టిందా అని ఈ మూడు నెలలూ ఆలోచించాను. మా అమ్మమ్మ చెప్పిన కథ దగ్గర ఆగాను.

అమ్మమ్మ పుట్టిల్లు కాకినాడ జగన్నాథపురం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు వచ్చి విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. అప్పటికి ఆవిడకి పంతొమ్మిదేళ్ళు. చెవులు గుయ్యిమన్నాయనీ, పెరట్లో ఆవు తాడు తెంపుకుపోయిందనీ, సాయంత్రానికల్లా వీధి వీధంతా మూటలు కట్టుకుని బళ్ళ మీదా, కాలువ పడవల మీదా పల్లెలకి బయలుదేరిందనీ చెప్పేది. ఆ పడవల్లోనే ఆవిడ అమలాపురం వైపు మేనత్త ఇంటికొచ్చింది. ఆ ఏడే మా తాతయ్యతో పెళ్ళి. మా కుటుంబం మొదలయ్యిందే ఒక యుద్ధంలో.

ఇప్పుడు తారీఖులు చూడండి. బాంబులు పడింది ఏప్రిల్ 6. సరిగ్గా నాలుగు నెలల రెండు రోజులకి, ఆగస్టు 8న, బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానం. బర్మా అప్పటికే జపాను చేతికి పోయింది, బంగాళాఖాతం మీద నమ్మకం పోయింది. ఇంతకన్నా పెద్ద యుద్ధ సమయం మన తీరానికి రాలేదు. ఆ సమయంలోనే గాంధీ వెళ్ళిపొమ్మన్నారు. ఆగస్టు 12న తెనాలి స్టేషన్ దగ్గర కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. శత్రువు గుమ్మంలో ఉండగా వెనకనుంచి పొడుస్తున్నారని తెల్లదొరతనం అంది. వాట్సాప్‌లో నాకు వచ్చిన తిట్లూ ఆ మాటా ఒకటే. యుద్ధంలో నిరసన ద్రోహమే అయితే తెనాలి రణరంగ చౌకులో ఆ ఏడుగురికి మనం దండలెందుకు వేస్తున్నాం?

బ్రిటిషువాడు పరాయివాడు, ఇప్పుడున్నది మన ప్రభుత్వం, రెండూ ఒకటెలా అవుతాయని అడుగుతారు. సరైన ప్రశ్నే. మన ప్రభుత్వం కాబట్టే మనకి అడిగే హక్కు ఇంకా ఎక్కువని నా జవాబు. ఎవరి ఇంటి పెద్దని వాళ్ళే కదా అడగాలి.

అదే 1942లో మా తాతయ్య ఎక్కడున్నాడో చెబితే మీరు ఆశ్చర్యపోతారు. కమ్యూనిస్టు పార్టీలో ఉన్నాడు. హిట్లర్ రష్యా మీద పడ్డాక ఆ పార్టీ దాన్ని ప్రజాయుద్ధం అంది, క్విట్ ఇండియాకి దూరంగా నిలబడింది, యుద్ధానికి మద్దతిచ్చింది. కాంగ్రెసువాళ్ళు మా తాతయ్యని తెల్లోడి తొత్తు అన్నారు. ఆ ఏడే మా బాబాయి తాతగారు మాధవరం నుంచి వెళ్ళి బర్మా సరిహద్దులో బ్రిటిషు యూనిఫారంలో ఉన్నారు. అమ్మమ్మ అన్నగారేమో రాట్నం పట్టుకుని జైలుకెళ్ళారు. ఒకే డెల్టా, రెండు కాలువల దూరంలో మూడు ఇళ్ళు. ముగ్గురికీ తలో దేశభక్తి. తర్వాత ఆ మూడిళ్ళూ వియ్యమందాయి. వీళ్ళలో ద్రోహి ఎవరో తేల్చమంటే నావల్ల కాదు, తేల్చగలనన్నవాణ్ణి నమ్మను.

(ఆ పిల్లాడు నన్ను అనమన్న వందేమాతరం గురించి కూడా ఒక మాట. 1907 ఏప్రిల్లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి వెళ్ళాక, అక్కడి కాలేజీ విద్యార్థులు ఆ మాట రాసిన బ్యాడ్జీలు పెట్టుకుని క్లాసులకి వెళ్ళారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ వాళ్ళని వెళ్ళగొట్టాడు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు చదువు అలాగే ఆగింది. మా గోదావరి గట్టున ఆ మాట పుట్టింది ప్రభుత్వానికి ఎదురు చెప్పడానికి. దాన్ని ఇవాళ నోరు మూయించడానికి వాడుతుంటే నా కడుపు తరుక్కుపోతుంది. నాకు ఆ మాట మీద ప్రేమ ఉంది కనక.)

ఇక 1962. చైనావోడి కథ.

ఆ అక్టోబరు 20న చైనా సైన్యం లద్దాఖ్‌లోనూ, ఈశాన్యంలోనూ ఒక్కసారే విరుచుకుపడింది. 26న అత్యవసర పరిస్థితి ప్రకటించారు. మా తాతయ్య పార్టీ రెండుగా చీలినంత పని అయింది. చైనా దురాక్రమణని ఖండిస్తూ పార్టీ జాతీయ సమితి తీర్మానం చేసింది. తాతయ్యలాంటి వాళ్ళు మాత్రం సరిహద్దు తగాదా మాటలతోనే తేలుతుందన్నారు. కార్తీక మాసంలో ఒక సాయంత్రం మా ఊరి సెంటర్లో అరుగెక్కి ఆ మాటే చెప్పాడు. జనం మట్టిబెడ్డలు విసిరారు. మర్నాటి నుంచి మంగలి రాలేదు. రేవులో అమ్మమ్మ బిందె పెడితే పక్కవాళ్ళు లేచి వెళ్ళిపోయేవాళ్ళు. మా అమ్మకి పన్నెండేళ్ళు. బడిలో ఆవిణ్ణి చివరి బెంచీలో కూచోబెట్టి చైనావోడి కూతురని పిలిచారు. ఇప్పటికీ అమ్మ ఆ బడి ముందు నుంచి వెళ్ళదు. కాస్త చుట్టయినా గుడి వీధిలోంచే తిరిగొస్తుంది.

నవంబరు 21న చైనా కాల్పుల విరమణ ప్రకటించింది. సరిగ్గా ఆ రోజుల్లోనే భారత రక్షణ నిబంధనల కింద దేశమంతా కమ్యూనిస్టుల అరెస్టులు మొదలయ్యాయి. పోలీసులొచ్చేసరికి తాతయ్య చేలో ఉన్నాడు. కాళ్ళు కడుక్కుని వస్తానంటే కూడా ఆగలేదట.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. తాతయ్య చెప్పింది తప్పు. ఈ మాట రాయడానికి నాకు కష్టంగా ఉంది, అయినా రాస్తున్నాను. సోషలిస్టు దేశం పొరుగుదేశం మీద పడదన్నది ఆయన నమ్మకం, ఆ నమ్మకానికి కళ్ళెదుట సాక్ష్యం లేదు. సైన్యం కొండలు దిగి వస్తుంటే మాటలతో తేలుతుందనడం, ఆ కొండల మీద చలికోట్లు కూడా సరిగా లేకుండా నిలబడ్డ కుర్రాళ్ళకి ఎలా వినపడుతుందో ఆయన ఆలోచించలేదు. కానీ తప్పు చెప్పడం వేరు, ద్రోహం చెయ్యడం వేరు. ఆయన ఎవరికీ రహస్యం అమ్మలేదు. పదిమంది వినేలా ఒక అభిప్రాయం చెప్పాడు. దానికి ఏడాది పైన రాజమండ్రి జైల్లో ఉన్నాడు. ఆ జైలు వల్ల ఒక్క సైనికుడికి ఒక్క చలికోటు అదనంగా రాలేదు.

ఈ పాపం ప్రభుత్వాలకే పరిమితం కాదు. 2025 జూలైలో పోయిన కమ్యూనిస్టు నాయకుడు వి.ఎస్. అచ్యుతానందన్ ఆ కాలంలో కేరళలో జైల్లో ఉండి, మన సైనికులకి రక్తదానం చేద్దామని ప్రతిపాదించారు. అలా అన్నందుకు ఆయన పార్టీయే ఆయన మీద చర్య తీసుకుంది. గీత గీసి ఇటా అటా అని అడగడం ఎవరు మొదలెట్టినా మంచి మనిషే మధ్యలో నలుగుతాడు.

మా అమ్మమ్మ ఆ గీత ఒప్పుకోలేదు. తాతయ్యని పట్టుకెళ్ళిన వారానికి మా ఊరి హైస్కూల్లో జాతీయ రక్షణ నిధికి సభ పెట్టారు. మట్టిబెడ్డలు విసిరినవాళ్ళే వేదిక మీద ఉన్నారు. అమ్మమ్మ ఒక్కతే నడుచుకుంటూ వెళ్ళి, పుట్టింటివాళ్ళు పెట్టిన బంగారు మురుగు ఎడమ చేతినుంచి తీసి బల్ల మీద పెట్టింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదట. రసీదు అడిగి తీసుకుంది. ఆ కాగితం ఇప్పుడు నా దగ్గరుంది, మడతల దగ్గర చిరిగింది, సిరా గోధుమరంగుకి తిరిగింది. ఆ తర్వాత నలభై ఏళ్ళు ఆవిడ కుడి చేతికి మురుగుతోనూ, ఎడమ చేతికి గాజులతోనూ బతికింది. రెండో మురుగు చేయించుకోమని ఎవరన్నా వినలేదు.

ములాఖత్తుకి పంటు మీద గోదారి దాటి రాజమండ్రి వెళ్ళింది. అమ్మని కూడా తీసుకెళ్ళింది, అందుకే ఈ మాటలు మాకు మిగిలాయి. తాతయ్య ఆవిడ చెయ్యి చూశాడు. "ఎవరికిచ్చావు?" అన్నాడు. "సిపాయిలకి." "మంచి పని చేశావు." అమ్మమ్మ సున్నుండల డబ్బా కమ్మీల్లోంచి అందించి, "మీరు చేసింది మాత్రం మంచి పని కాదు. అయినా మిమ్మల్ని ఇక్కడ పెట్టడం అంతకన్నా మంచి పని కాదు," అంది. ఇద్దరూ తర్వాత దాదాపు మూడు దశాబ్దాలు కాపురం చేశారు. ఈ విషయంలో ఒక్కసారీ ఏకాభిప్రాయానికి రాలేదు.

అదే నవంబరులో ఢిల్లీలో జరిగింది కూడా గుర్తు చేసుకోవాలి. అప్పటికి ముప్ఫై ఏళ్ళు దాటిన కుర్ర ఎంపీ, జనసంఘ్ నాయకుడు అటల్ బిహారీ వాజ్‌పేయి, యుద్ధం నడుస్తుండగానే పార్లమెంటు పెట్టమని నెహ్రూని అడిగారు. నెహ్రూ ఒప్పుకున్నారు. నవంబరు 8న చర్చ మొదలైంది. రహస్యంగా జరుపుకుందామన్న సూచననీ ఆయన అంగీకరించలేదు. ఫిరంగులు మోగుతుండగానే ప్రధానిని ముఖం మీద కడిగేశారు. రక్షణమంత్రి కృష్ణమీనన్ పదవి అప్పటికే ఊడింది, అది కూడా సొంత పార్టీవాళ్ళ ఒత్తిడి వల్ల. ఆ ప్రశ్నలడిగిన వాజ్‌పేయిని ఇవాళ ఎవరన్నా చైనావోడంటారా? బ్రిటన్‌లోనూ అంతే. 1940 మేలో నార్వే యుద్ధం మీద సభలో నిలదీసినందుకే చాంబర్లేన్ దిగాడు, చర్చిల్ వచ్చాడు. ఆ సభ నోరు మూసుకుని ఉంటే హిట్లర్‌కే లాభం.

అదే నెహ్రూ ప్రభుత్వం మా తాతయ్యని జైల్లో పెట్టింది. పెద్ద సభలో ప్రశ్నకి చోటుంది, మా ఊరి సెంటర్లో అరుగు మీద ప్రశ్నకి లేదు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అది.

బాబాయి వాదనలో అసలు బలమంతా "ఇప్పుడు వద్దు, తర్వాత అడుగు" అన్నదాంట్లో ఉంది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఆ "తర్వాత" వస్తే నాకూ అభ్యంతరం లేదు. 1962 యుద్ధం నెల రోజులు నడిచింది. అత్యవసర పరిస్థితి 1968 జనవరి దాకా నడిచింది. ఓటమికి కారణాలేమిటో చూడమని సైన్యమే హెండర్సన్ బ్రూక్స్, భగత్ అనే ఇద్దరు అధికారులతో విచారణ చేయించింది. 1963లోనే నివేదిక ఇచ్చారు. దాన్ని ఇప్పటికీ ఏ ప్రభుత్వమూ, ఏ పార్టీదైనా సరే, అధికారికంగా బయటపెట్టలేదు. అమ్మమ్మ మురుగు ఇచ్చింది, పోయింది. ఆ మురుగు ఇచ్చిన యుద్ధంలో ఏం జరిగిందో ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

ఈసారి సంగతీ చూడండి. మే 8 రాత్రి నేనడిగిన ప్రశ్నకి నన్ను పాకిస్తాన్ పొమ్మన్నారు. జూలైలో జమ్మూకాశ్మీర్ లెఫ్టినెంట్ గవర్నర్ మనోజ్ సిన్హా, పహల్గాం ముమ్మాటికీ భద్రతా వైఫల్యమేనని, పూర్తి బాధ్యత తనదేనని తనే చెప్పారు. మన యుద్ధవిమానాలు పోయాయా అని అడిగినవాళ్ళని ఆ మేలో ద్రోహులన్నారు. మే 31న సింగపూర్‌లో త్రివిధ దళాధిపతి జనరల్ అనిల్ చౌహానే పోయాయని ఒప్పుకున్నారు, ఎందుకు పోయాయో తెలుసుకోవడం ముఖ్యమన్నారు. కరాచీ మీద దాడికి సిద్ధంగా నిలబడ్డామని మే 11న నౌకాదళం చెప్పింది. సిద్ధంగా ఉన్నామంటే చెయ్యలేదనే కదా. ప్రత్యేక సమావేశం పెట్టమని ప్రతిపక్షాలు మేలోనే అడిగితే, పార్లమెంటులో చర్చ జూలై 28న గానీ మొదలవలేదు. అరవై మూడేళ్ళ కిందట ఫిరంగుల మోతలో జరిగిన పని, ఇప్పుడు కాల్పులు ఆగిన రెండున్నర నెలలకి జరిగింది.

ఏ ప్రశ్నైనా ఎప్పుడైనా అడగొచ్చని నేననడం లేదు. 2008లో ముంబయి దాడులప్పుడు కమెండోలు ఏ మేడ మీద దిగుతున్నారో టీవీలు ప్రత్యక్షంగా చూపించాయి, దాన్ని చూసి అవతలివాళ్ళు లోపలున్నవాళ్ళకి ఫోన్లో సలహాలిచ్చారు. 2012లో సుప్రీంకోర్టు దాని మీద గట్టిగానే మందలించింది. సైన్యం రైలు ఎప్పుడు కదిలింది, ఎక్కడ ఆగింది, ఎవరింటి కుర్రాడు ఏ పోస్టులో ఉన్నాడు, ఇవి ఎవరూ రాయకూడదు. మా గ్రూపులో రాసినవాళ్ళున్నారు. కవాతు వీడియోలు, రైలు వీడియోలు జై కొడుతూ పంపారు. వాళ్ళని ఎవరూ ఏమీ అనలేదు. సైనికుడికి నిజంగా హాని చేసే మాటకి చప్పట్లు, అతని తరఫున అడిగే మాటకి తిట్లు. ఇదెక్కడి లెక్క?

పైగా ఈ పరీక్ష అందరికీ ఒకేలా పెట్టరు. నన్ను తిట్టారు, నేను మంచం ఎక్కి పడుకున్నాను, అంతే. మా వీధి మలుపులో బట్టలు కుట్టే ఒక ముస్లిం పెద్దాయన ఉన్నారు. ఏటా ఆగస్టు 15కి చుట్టుపక్కల బళ్ళకి జెండాలు కుట్టేది ఆయనే. మే 9న వెళ్ళేసరికి షాపు బోర్డు కన్నా పెద్ద జెండా కట్టి ఉంది. "ఇంకా మూడు నెలలుంది కదండీ?" అన్నాను. "ముందు జాగ్రత్తమ్మా," అన్నారు, సూదిలోంచి కళ్ళెత్తకుండా. ఆయన గొంతులో ఉన్న భయం నాకు ఆ రోజంతా అన్నం సహించనివ్వలేదు. పెళ్ళయి వారం తిరక్కుండానే పహల్గాంలో భర్తని పోగొట్టుకున్న నౌకాదళ అధికారి భార్య, ముస్లింల మీదా కాశ్మీరీల మీదా పడకండి, మాకు శాంతి కావాలి, న్యాయం కావాలి అంటే ఆవిణ్ణీ వదల్లేదు. కాల్పుల విరమణ ప్రకటించిన విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీనీ వదల్లేదు. దేశం కోసం మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషికే దేశభక్తి పాఠం చెప్పేవాళ్ళ దగ్గర నేను నేర్చుకునేదేమీ లేదు.

బాబాయికి చెప్పాలనుకుని చెప్పలేకపోయిన సంగతి ఇంకొకటి ఉంది. 2015లో ఆయన ఢిల్లీ వెళ్ళారు. ఒకే ర్యాంకు, ఒకే పింఛను కోసం మాజీ సైనికులు జంతర్ మంతర్ దగ్గర జూన్ నుంచి దీక్షలో కూచున్నారు. మెడల్స్ పెట్టుకుని వారం రోజులు బాబాయి కూడా కూచున్నారు. ఆగస్టు 14న పోలీసులు ఆ ముసలి సైనికుల్ని తోసేసిన దృశ్యాలు టీవీలో చూసి పిన్ని ఏడ్చింది. సెప్టెంబరు 5న ప్రభుత్వం దిగొచ్చి పథకం ప్రకటించింది. అడగకపోతే వచ్చేదా? 2022 జూన్‌లో సైన్యంలోకి నాలుగేళ్ళకే తీసుకునే అగ్నిపథ్ ప్రకటించినప్పుడు సికింద్రాబాద్ స్టేషన్లో రైళ్ళు తగలబెట్టిన కుర్రాళ్ళు సైన్యంలో చేరాలని రోజూ తెల్లవారుజామున పరిగెత్తినవాళ్ళే. రైళ్ళు కాల్చడం తప్పు. కానీ ఆ రోజు పోలీసు కాల్పుల్లో చనిపోయినవాడు కూడా యూనిఫారం కలగన్నవాడే. 2025 మే 9న సరిహద్దులో ప్రాణమిచ్చిన మన రాష్ట్రపు కుర్రాడు మురళీ నాయక్ అగ్నివీరుడే, గోరంట్ల దగ్గర తండా నుంచి వెళ్ళినవాడు. నాలుగేళ్ళ కొలువుకి పింఛను లేదు. ఆ పద్ధతి సరైందేనా అని అడగడం అతని శవపేటిక ముందు అపచారమా, లేక అతని తర్వాత వెళ్ళేవాళ్ళకి మనం చెయ్యగలిగిన కనీసపు సాయమా? నేను మా ఊరి కొవ్వొత్తుల ర్యాలీలో నడిచాను. గడియార స్తంభం దగ్గర కొవ్వొత్తి పట్టుకుని ఆ ప్రశ్న మనసులోనే అనుకున్నాను. పైకి అనాల్సింది, అనలేకపోయాను. అప్పటికి నాకు భయం పట్టుకుంది.

వినాయక చవితికి పిన్నీ బాబాయీ వచ్చారు. పత్రి తెచ్చింది బాబాయే. పూజ అయ్యాక ఆయన వీధి అరుగు మీద కూచుంటే, నేను అమ్మమ్మ రసీదు తీసుకెళ్ళి చేతిలో పెట్టాను. కళ్ళజోడు తుడుచుకుని రెండు సార్లు చదివారు. మా తాతయ్య ఆయనకి మావగారు. ఒక చైనావోడు మిలిటరీ మాధవరానికి పిల్లనిచ్చిన సంబంధం అది.

"మద్రాసులో ఎవరూ రాలేదన్నాను గదా," అన్నారు. "గూడెం స్టేషన్లో దిగేసరికి మీ తాతయ్యగారున్నారు. డెబ్భై దాటినాయన. పొద్దున్నుంచీ ప్లాట్‌ఫాం మీదే ఉన్నారంట, ఏ బండికొస్తానో తెలీక. ట్రంకుపెట్టె నన్ను ముట్టుకోనివ్వలేదు. భుజానికెత్తుకుని రిక్షా దాకా మోసుకొచ్చారు."

ఆ సంగతి నాకు తెలీదు. ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు.

"ఇంటికొచ్చాక అన్నం దగ్గర పట్టుకున్నారు. మీ సైన్యం అసలక్కడికి ఎందుకెళ్ళింది, వెళ్ళమన్నవాణ్ణి ఎవరూ ఎందుకడగలేదు అని. నేనూ తగ్గలేదు. రాత్రి రెండింటి దాకా దెబ్బలాడుకున్నాం. మీ అమ్మమ్మ లైటు తీసేస్తే చీకట్లో కూడా దెబ్బలాడుకున్నాం."

"మరి ఆయనతో ఎన్నాళ్ళు మాట్లాడలేదండీ మీరు?"

బాబాయి రసీదు పాత మడతల మీదే మడిచి నాకిచ్చారు. "పొద్దున్నే కాఫీ కలిసే తాగాం," అన్నారు. కాసేపాగి, "అయినా ఆ రాత్రి నువ్వు రాయకుండా ఉండాల్సింది," అన్నారు.

రాయాల్సిందేనన్నాను. పిన్ని లోపల్నుంచి విస్తళ్ళు వేశానని కేకేసింది.